శీనుగాడికి, నల్లరేగడిలో ఉంగరం వేట గురించి

శీనూ,

చెల్లెమ్మ ఉంగరం పత్తి చేలో పడిపోయిందని తెలిసినప్పటి నుంచి నాకూ అదే ధ్యాస. మెటల్ డిటెక్టర్ కొనేస్తానని తొందరపడకు, నా మెషిన్ ఉంది కదా. ఫోన్‌లో చెబితే నువ్వు సగం వింటావు, అందుకే తీరిగ్గా రాస్తున్నా.

ముందు నేల సంగతి. మా నాగోల్‌లో కాలి కింద గ్రానైటు, పైన ఎర్రమట్టి. ఇక్కడ మట్టి పెద్దగా సతాయించదు, చెత్త సతాయిస్తుంది. మా ఇంటి వెనక ఖాళీ ప్లాటులో కాయిల్, అదే మెషిన్ కొసన నేల మీద తిప్పే చక్రం, ఎక్కడ పెట్టినా బైండింగ్ వైరు ముక్క, సెంట్రింగ్ మేకు, బీరు సీసా మూత, గుట్కా ప్యాకెట్టు. దానికితోడు నెత్తిమీద కరెంటు తీగలు ఉంటే మెషిన్ ఊరికే కిచకిచలాడుతుంది.

మీ వికారాబాద్ వైపు కథ వేరు. ఎప్పుడో 6.6 కోట్ల ఏళ్ల కిందట లావా పారి గడ్డకట్టిన రాయి చితికి మీ నల్లరేగడి అయింది. అందులో అయస్కాంతానికి అంటుకునే ఇనుప రేణువులు కలిసి ఉంటాయి. నమ్మకపోతే ఒక అయస్కాంతాన్ని దారానికి కట్టి పొడిమట్టిలో ఈడ్చి చూడు, నల్లటి పొడి మీసాల్లా నిక్కబొడుచుకుని అంటుకుంటుంది. కాయిల్ నేలలోకి పంపేది మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రం. దానికి ఉంగరం ఎలా జవాబు చెబుతుందో, ఆ పొడి కూడా తనదైన జవాబు చెబుతుంది. చిక్కంతా అక్కడే.

అందుకే చేలో దిగగానే చేయాల్సిన పని గ్రౌండ్ బ్యాలెన్స్, అంటే మట్టి చెప్పే జవాబును మెషిన్ పట్టించుకోకుండా సర్దడం. లోహం లేని చోటు చూసుకుని, కాయిల్‌ను జానెడు పైకెత్తి మళ్లీ నేల దగ్గరిదాకా దించుతూ, పైనా కిందా చప్పుడు ఒకేలా వచ్చేదాకా సర్దాలి. మట్టి రంగు మారినా, తడి తగిలినా మళ్లీ చేయాలి. దీనికి బద్ధకిస్తే రోజంతా వట్టి మట్టి అరుపులే వింటాం.

రెండోది సెన్సిటివిటీ, అంటే మెషిన్ ఎంత చిన్న సిగ్నల్‌కి మోగాలో పెట్టుకోవడం. నీ సంగతి నాకు తెలుసు, చేతికివ్వగానే ఫుల్‌లో పెడతావు! ఇలాంటి నేలలో అలా పెడితే ఉంగరం చప్పుడు కంటే మట్టి గోల ఎక్కువై, దొరికేది కూడా దొరక్కుండా పోతుంది. మెషిన్ నిమ్మళించేదాకా తగ్గించడమే. లోతు తగ్గుతుందనుకో, అయినా మొన్న జారిపడిన ఉంగరం మూరెడు లోతున ఉండదు కదా. కాయిల్ కూడా చిన్నదే తెస్తా. చిన్నది ఒకేసారి తక్కువ మట్టిని చూస్తుంది, కాబట్టి గోల కూడా తక్కువ.

అసలు టెన్షన్ నెర్రెలతోనే. ఎండిన నల్లరేగడిలో వేలు పట్టేంత పగుళ్లు ఉంటాయి, ఉంగరం అందులోకి జారిపోయి ఉండొచ్చు. పైగా మట్టికి సర్దిన మెషిన్ పగులు మీదికి రాగానే అక్కడ మట్టి లేకపోవడాన్నే సిగ్నల్‌గా చెప్పేస్తుంది. అప్పుడు నెమ్మదిగా ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి తిప్పి చూడాలి. తర్వాత నువ్వు పక్కకొచ్చి అడ్డంగా తిప్పాలి. ఎటు నుంచి వచ్చినా ఒకే చోట గట్టిగా మోగితేనే తవ్వుదాం. నల్లటి రాళ్లు కూడా మోగుతాయి. రాయిని కాలితో పక్కకు నెడితే మోత దాంతోపాటే జరుగుతుంది, ఇక దాన్ని వదిలేయొచ్చు.

ఇది ఏ లోహమో అని స్క్రీన్ మీద మెషిన్ చూపే అంకెల్ని నమ్ముకోవద్దు. బంగారు ఉంగరం తరచూ గుట్కా ప్యాకెట్టు రేకు ఉన్న దగ్గరే పడుతుంది. చెత్త ఎందుకులే అని రేకును వడగట్టేస్తే ఉంగరం కూడా పోతుంది. ఇంకో తమాషా, 1992 నుంచి వచ్చిన స్టీలు రూపాయి బిళ్ల అయస్కాంతానికి అంటుకుంటుంది కాబట్టి మెషిన్ దాన్ని ఇనుము కింద జమకట్టేయొచ్చు. రూపాయి పోతే పోనీ, మనకు ఉంగరం కావాలి.

చేను ఇంకా దున్నలేదుగా? ట్రాక్టరు దిగక ముందే నాకు ఒక మాట చెప్పు. పత్తి కట్టెలు మాత్రం పీకించేయి, అవి ఉంటే కాయిల్ నేలకు దగ్గరగా పోదు. సాళ్లు అలాగే ఉండనీ, ఆ గీతల వెంటే పోతే ఏ చోటూ తప్పిపోదు. చెల్లెమ్మ ఆ రోజు ఎటు నుంచి ఎటు ఏరిందో, ఎక్కడ కూర్చుని నీళ్లు తాగిందో అడిగి ఉంచు. మెషిన్ కంటే ఆ జవాబు విలువ ఎక్కువ.

ఇక ఊరి జనం. కాయిల్ కనిపిస్తే చాలు, లంకెబిందెలు దొరికాయా అని మూగుతారు. మా కాలనీలో ఒక పెద్దాయన ఇప్పటికీ ఆ ప్రశ్న వేయకుండా నన్ను పోనివ్వడు. ఎవరైనా పాత గుడి దగ్గరో కోట గోడ దగ్గరో ఒకసారి చూడమంటే, మర్యాదగా కుదరదని చెప్పు. 1878 నాటి నిధుల చట్టం ఇంకా ఉంది. పూడ్చిపెట్టిన సొమ్ము 10 రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలపాల్సిందే. మన ఉంగరం మీ చేలో చెల్లెమ్మ పోగొట్టుకున్నదే, దానికి ఆ గొడవ లేదు.

ఆదివారం పొద్దున్నే బయల్దేరి వస్తా, ఎండ ముదరక ముందే పని మొదలుపెడదాం. చిన్న తవ్వుకోల, గోనెసంచి, నీళ్ల క్యాన్ నువ్వు చూసుకో. మామగారిని ఇనుప మొలలున్న చెప్పులతో చేలోకి రావొద్దని ముందే చెప్పు.

నీ,
రాజు