రానివాళ్ల పుస్తకం

మల్లేశ్వరం, బెంగళూరు

అమ్మడూ,

మీ వైట్‌ఫీల్డ్ అపార్టుమెంటులో శనివారాలు గీతా పారాయణం పెడతామన్నావు, సంతోషం. మొత్తం 700 శ్లోకాలు. వారానికి పది చొప్పున 70 వారాలు. పండగలు, పరీక్షలు, వేసవిలో ఊళ్లకు పోవడాలు కలుపుకుంటే రెండేళ్లనుకో. మొదటి అధ్యాయంతో మాత్రం ఎత్తుకోకు. దాని 47 శ్లోకాల్లో ముందు భాగమంతా వీరుల పేర్లు, శంఖాల పేర్లే. అర్థం కోసం వచ్చినవాళ్లు మూడో వారానికి జారుకుంటారు. పన్నెండుతో మొదలెట్టు. ఇరవై శ్లోకాలే, రెండు వారాల్లో ఒక అధ్యాయం అయిపోయిందన్న ధైర్యం వస్తుంది.

ఒకరు ఒక పాదం చదివితే అందరూ తిరిగి అనాలి. ‘అద్వేష్టా సర్వభూతానాం’. ఎనిమిది అక్షరాలు, అక్కడ ఆగాలి. ఆగకుండా పరిగెత్తితే ఆ పై పాదంలో ‘కరుణ ఏవ చ’ కాస్తా ‘కరుణయేవచ’ అయి కూర్చుంటుంది. అలా తప్పు పోయినవాళ్లను పేరు పెట్టి దిద్దకు, ఆ పాదం మళ్లీ అందరిచేతా అనిపించు. బాగా చదివే ఒక్కరికే అప్పగిస్తే మిగతావాళ్లు నెలకల్లా శ్రోతలైపోతారు, అందుకని వంతులు వెయ్యి. పిల్లలకు తెలుగు చదవడం రాదంటారా? బళ్లో కన్నడ నేర్చినవాళ్లకు మన లిపి ఎంతసేపు! క, త, శ లాంటి కొన్ని అక్షరాలూ, తలకట్టూ తేడా. అవి ఒక అట్టమీద రాసి ముందు పెట్టు.

ప్రసాదం ఒక్కటే, ఎవరింట్లోనైనా. మొదటి ఇంటివాళ్లు రెండు రకాలు చేస్తే తర్వాతివాళ్లు నాలుగు చేస్తారు, ఐదో ఇంటికి క్యాటరింగు వస్తుంది, ఆరో ఇంటివాళ్లు ‘ఈసారికి మాకు కుదరదండీ’ అంటారు. పాతికమందికి కిలో శనగలు ముందురోజు రాత్రి నానబెట్టి గుగ్గిళ్లు చేస్తే చాలు.

అసలు సంగతికొస్తాను. వచ్చినవాళ్ల లెక్క ఎవరైనా చూస్తారు, నువ్వు రానివాళ్లది రాసుకో. వరసగా రెండు వారాలు రాకపోతే మూడో శనివారంలోపు ఫోన్ చెయ్యి. ‘ఎందుకు రాలేదు’ అనొద్దు, ‘ఒంట్లో బాగుందా’ అను. మోకాళ్ల నొప్పులని తెలిస్తే నాలుగు కుర్చీలు వేయించు. కోడలు ఆఫీసు నుంచి వచ్చేదాకా మనవణ్ణి చూసుకోవాలంటే పిల్లాణ్ణి తీసుకురమ్మను, గోల చేస్తే చేశాడు. మైల వచ్చినవాళ్లతోనే జాగ్రత్త. అది తీరాక కూడా మొహమాటంతో ఇంట్లోనే ఉండిపోతారు. ఇద్దరు వెళ్లి పలకరించి వెంటబెట్టుకు రావాలి. వాళ్లింట్లో చదవమని వాళ్లే అడిగితే రెండో అధ్యాయం చదవండి. 72 శ్లోకాలు, అర్థాలు చెప్పకుండా చదివితే అరగంట. ఆ రోజు ఉపన్యాసాలు వద్దు.

హుండీ డబ్బు ఎప్పుడూ ఇద్దరి ఎదుట లెక్కపెట్టి అక్కడే రాసెయ్యి. అందులోంచి ఎవరికీ చేబదులు ఇవ్వొద్దు. అవసరం పడ్డవాళ్లకు ఇవ్వదలచినవాళ్లు విడిగా వాళ్ల చేతికే ఇస్తారు.

కొత్తవాళ్లని లిఫ్టులో కాగితం అంటించి పిలిస్తే ఫ్లాట్లవాళ్లే వస్తారు. మీ గేటు దగ్గర కాపలా ఉండేవాళ్లలో, ఇళ్లల్లో పనిచేసేవాళ్లలో అనంతపురం, చిత్తూరు వైపు మనవాళ్లుంటారు. ఆ కాగితం తమకోసం కాదనుకుంటారు. నోటితో పిలువు, వాళ్ల డ్యూటీ మారే వేళ కనుక్కుని మరీ పిలువు. వచ్చాక వెనక వరసలో కూర్చోనివ్వకు.

పెద్దక్షరాల పుస్తకాలు ఆరు కట్టిపెట్టాను. ఆదివారం అల్లుడుగారు ఇటొస్తే ఇచ్చి పంపుతాను.

అమ్మ