చీర రంగు ఫొటోలో ఒకలా, ఇంట్లో ఒకలా: మా కస్టమర్లకు నాలుగు మాటలు

అందరికీ నమస్కారం. పోయిన వారం మన వాట్సాప్ గ్రూపులో పెట్టిన నెమలికంఠం మంగళగిరి పట్టుచీర మీద ఎంత గోల జరిగిందో చూశారుగా. ఒకరికి నీలం, ఒకరికి ఆకుపచ్చ, ఒక అక్కయ్యగారికైతే బూడిద రంగు. "అసలు రంగేదో చెప్పమ్మా" అని విడిగా అడిగినవాళ్లందరికీ కలిపి రాస్తున్నాను.

ఆ చీరకి పడుగు నీలం, పేక ఆకుపచ్చ. కుచ్చిళ్లు కదిలినప్పుడల్లా ఒకటి పైకి తేలుతుంది, రెండోది వెనక్కి తగ్గుతుంది. ఫొటోలో ఆ కదలిక ఉండదు, తీసిన కోణానికి ఏది చిక్కితే అదే. కాబట్టి డబుల్ షేడ్ చీరలకు ఇకమీదట వీడియోనే.

ఒకే రంగు చీరలకూ పేచీ వస్తోంది. అందులో ఫోన్ల వాటా ఉంది. వెలుతురు ఏ రంగులో ఉందో కెమెరా తనే ఊహించి సరిచేస్తుంది. ఫ్రేమంతా మామిడిపండు రంగు చీరే పరిస్తే, లైటే పసుపుగా ఉందనుకుని ఆ రంగును కాస్త చంపేస్తుంది. ఇక మీ వైపు, రాత్రిపూట కళ్లకు హాయిగా ఉంటుందని పెట్టుకునే మోడ్ స్క్రీన్‌లో నీలాన్ని తగ్గిస్తుంది. తెల్లచీర మీగడ రంగులోకి దిగుతుంది.

అయితే ఒకే ఫోనులో తోడికోడళ్లిద్దరూ చూసి చెరో రంగూ చెబితే? 2015 ఫిబ్రవరిలో ఒక గౌను ఫొటో ప్రపంచమంతా తిరిగింది, గుర్తుందా? కొంతమంది నీలం-నలుపు అన్నారు, ఇంకొంతమంది తెలుపు-బంగారం అని ఒట్టేశారు. అది రోమన్ ఒరిజినల్స్ అనే బ్రిటన్ కంపెనీది, అసలు రంగు నీలం-నలుపే. ఆ గౌను మీద ఎలాంటి వెలుతురు పడుతోందో ఫొటోలో సరిగా తెలియదు. నీడలో ఉందనుకున్న మెదడు, నీడలోని నీలిఛాయను తీసేసి తెలుపు చూపిస్తుంది. పసుపు దీపం కింద ఉందనుకున్న మెదడు పసుపును తీసేసి నీలం చూపిస్తుంది. ఈ లెక్క మనకు తెలియకుండానే జరిగిపోతుంది, అందుకే ఎదుటివాళ్లు అబద్ధమాడుతున్నట్టే ఉంటుంది. న్యూయార్క్ యూనివర్సిటీలో పాస్కల్ వాలిష్ అనే పరిశోధకుడు 13 వేల మందికి పైగా అడిగి చూశారు. పగటి వెలుతురులో ఎక్కువ గడిపే, పెందలాడే లేచేవాళ్లకు తెలుపు-బంగారం కనిపించడం కాస్త ఎక్కువట. ఆ కంపెనీవాళ్లు తర్వాత తెలుపు-బంగారంలో కూడా ఒకటి కుట్టించి ఛారిటీ వేలానికి పెట్టారు. వ్యాపారమంటే అదీ!

మన గంధం రంగు జరీచీరలదీ ఇదే కథ. సాయంత్రం వరండా నీడలో తీస్తే కొందరికి గంధమే, కొందరికి లేత నీలం. వయసుతో కంటి లెన్సు పసుపెక్కుతుంది కనుక అత్తగారికి ఇంకోలా. ఎరుపు-ఆకుపచ్చ తేడా తెలియకపోవడం మగవాళ్లలోనే ఎక్కువ కాబట్టి, మారేడాకు రంగు బాగుందో లేదో మీవారిని అడిగి నిర్ణయించకండి. (మా ఇంట్లో ఎప్పుడో మానేశాం.)

ఇక పద్ధతి చెబుతాను. చీరలన్నీ పగటిపూట కిటికీ పక్కనే, పక్కన తెల్లకాగితం పెట్టి తీస్తాం. మీకు ఆ కాగితం పసుపుగానో నీలంగానో కనిపిస్తే చీర రంగు కూడా అటే జరిగిందని లెక్క. ఫిల్టర్లు వాడం. చీర చేతికొచ్చాక గుమ్మం బయట పగటి వెలుతురులో చూడండి, ట్యూబ్‌లైటు కింద కాదు. బ్లౌజు మ్యాచింగ్ కూడా బయటే చూసుకోండి. అద్దకం వేరైతే షాపు లైటులో కలిసిన రెండు గుడ్డలు ఎండలో విడిపోతాయి.

రంగు నచ్చకపోతే మడత చెదరకుండా మూడు రోజుల్లో పంపండి, మారుస్తాం. కొరియర్ ఖర్చు మాత్రం చెరిసగం, మొత్తం భరించే స్తోమత ఈ చిన్న కొట్టుకి లేదు. ఫాల్ కుట్టించాక వాపసు తీసుకోలేం. ఉల్లిపొర రంగు నిజాం బోర్డర్ కాటన్లు శుక్రవారం పెడుతున్నాను, కాగితంతో సహా.