పాలిటెక్నిక్ ల్యాబుల్లో క్రాక్ సాఫ్ట్‌వేర్ ఇంకా ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

మా వీధిలో డిప్లొమా చదివే అబ్బాయి ఒకడున్నాడు. ట్యాంకు నిండగానే మోటారు ఆగిపోయే సర్క్యూట్ తన ఫైనలియర్ ప్రాజెక్టు. సీనియర్ల నుంచి పెన్‌డ్రైవ్‌లో చేతులు మారుతూ వచ్చిన, లైసెన్సు లేని దొంగ కాపీ (క్రాక్) సాఫ్ట్‌వేర్‌లో సర్క్యూట్ బోర్డు గీశాడు. కాలేజీ ల్యాబులో అందరూ వాడేది అదేనట. రివ్యూ నాలుగు రోజులుందనగా వైరస్ వచ్చి ల్యాప్‌టాప్‌లో ఫైళ్లన్నీ పోయాయి. నేను ముప్పై ఏళ్లు సర్క్యూట్ బోర్డుల మధ్యే ఉద్యోగం చేశానని తెలిసి, రాత్రి తొమ్మిదింటికి వాళ్ల అమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ టెన్షన్‌లో అతనికి మాట కూడా సరిగ్గా రాలేదు.

ల్యాప్‌టాప్ శుభ్రం చేసి, సర్క్యూట్ బోర్డులు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్ కైక్యాడ్ వేశాం. పైసా ఖర్చు లేదు. మర్నాటికి స్కీమాటిక్ (సర్క్యూట్ పటం) పూర్తయింది. ఎక్కడా కలపకుండా వదిలేసిన పిన్నును అందులోని కనెక్షన్ల తనిఖీ (ఈఆర్‌సీ) పట్టుకుంది. 230 వోల్టుల ట్రాకుకీ (బోర్డు మీది రాగి దారి) పక్క ట్రాకుకీ మధ్య దూరం మేం పెట్టుకున్న హద్దు కంటే తగ్గిందని బోర్డు నియమాల తనిఖీ (డీఆర్‌సీ) చూపించింది. మోటారును ఆన్, ఆఫ్ చేసే రిలే కాయిల్‌కి అడ్డంగా రక్షణ డయోడ్ పెట్టడం మర్చిపోయిన సంగతి మాత్రం నేనే చెప్పాల్సి వచ్చింది. అలాంటివి మాస్టారు పక్కన కూర్చుని నేర్పాలి. కోఠి గుజరాతీ గల్లీలో రాగి బోర్డు, అక్కర్లేని రాగిని కరిగించే ఫెర్రిక్ క్లోరైడ్ కొన్నాం. ప్రింటు తీసి ఇస్త్రీపెట్టెతో అంటించాం. బోర్డు పని చేసింది.

కైక్యాడ్ నిన్నమొన్న పుట్టింది కాదు. 1992లో ఫ్రాన్స్‌లో జాన్ పియేర్ షారాస్ మొదలుపెట్టారు. అణువుల లోపలి కణాల మీద పరిశోధన చేసే సెర్న్ సంస్థ 2013 నుంచి దాని అభివృద్ధికి చేయి కలిపింది. బోర్డు సైజుకు చెప్పుకోదగ్గ పరిమితి లేదు, 32 రాగి పొరల వరకు గీయవచ్చు. ఒకప్పుడు హాబీ వాళ్లంతా వాడిన ఇలాంటిదే మరో సాఫ్ట్‌వేర్ ఈగిల్ ఉచిత రూపంలో రెండు పొరలు, 80 చదరపు సెంటీమీటర్లే దక్కేవి. ఆ ఈగిల్‌ని కూడా 2026 జూన్ 7తో ఆపేస్తున్నట్టు దాని యజమాని ఆటోడెస్క్ ప్రకటించింది. కంపెనీ వద్దనుకుంటే మన పాత డిజైన్ల గతి ఏమిటి?

సర్క్యూట్‌ని ముందే కంప్యూటర్‌లో నడిపి చూడాలంటే ఐఐటీ బొంబాయి వాళ్ల ఈసిమ్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. కైక్యాడ్‌నీ, సర్క్యూట్ పనితీరును లెక్కగట్టే ఎన్‌జీస్పైస్‌నీ కలిపి చేసింది, అదీ ఉచితమే.

కంపెనీల్లో ఖరీదైన సాఫ్ట్‌వేరే వాడతారు కదా, అదే నేర్పాలి అని కొందరు లెక్చరర్లు అంటారు. నేను ఒప్పుకోను. ట్రాకు ఎంత వెడల్పు ఉండాలి, గ్రౌండ్ ఎలా పరచాలి, ఐసీ చిప్పు పక్కన కెపాసిటర్ ఎంత దగ్గరగా పెట్టాలి అన్నవి ఎందులో నేర్చుకున్నా ఒకటే. ఇవి వచ్చిన పిల్లలకు కొత్త మెనూలు అలవాటు కావడానికి ఎక్కువ రోజులు పట్టదు. డబ్బు కట్టలేని పిల్లల్ని దొంగ కాపీల వైపు నెట్టడం మాత్రం తప్పు.

సాంకేతిక విద్యా మండలిని, జేఎన్‌టీయూని నేను కోరేది ఇదే. సర్క్యూట్ బోర్డుల (పీసీబీ) ల్యాబులన్నింటిలో కైక్యాడ్, ఈసిమ్ వేయించండి, ముందుగా లెక్చరర్లకు శిక్షణ ఇప్పించండి. 2023లో రాయదుర్గంలో తెరిచిన, నమూనాలు తయారు చేసుకునే కేంద్రం టీ-వర్క్స్‌లో ఆదివారాలు తెలుగులో క్లాసులు పెడితే ఈ పిల్లలు బస్సెక్కి వస్తారు. వచ్చే విద్యాసంవత్సరం ల్యాబులు మొదలయ్యేలోపే ఆదేశాలు ఇవ్వాలని మనవి.

— ఒక విశ్రాంత ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్,
కుషాయిగూడ, హైదరాబాద్