బాక్టీరియాకి తన నడిమధ్య ఎలా తెలుస్తుంది?

శీనూ,

ఎలా ఉన్నావురా? బాక్టీరియా లోపల అంతా కలగాపులగమే కదా అని మొన్న ఫోన్లో అన్నావు. అక్కడ సగమే చెప్పగలిగాను, మిగతాది ఇక్కడ రాస్తున్నా. బైపీసీలో మనం కేంద్రకం లేదు, మైటోకాండ్రియా లేదు అంటూ లేనివాటినే బట్టీ పట్టాం. ఉన్నవి ఎంత పద్ధతిగా ఉంటాయో మాత్రం చదవలేదు.

మన పేగుల్లో ఉండే ఈ.కోలై బాక్టీరియానే తీసుకో. పొడవు 2 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో 500వ వంతు. దాని డీఎన్ఏని చాపితే ఒకటిన్నర మిల్లీమీటర్లు వస్తుంది! చుట్టూ పొర లేకుండానే అదంతా మెలికలు పడి, కొన్ని ప్రొటీన్లు పట్టుకుని ఉండగా, న్యూక్లియాయిడ్‌గా సర్దుకుంటుంది. అలా ఇరుక్కుని ఉండగానే దాన్ని కాపీ చెయ్యడం, చదవడం జరిగిపోతుంటాయి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది విభజన సంగతి. కణం రెండుగా తెగాలంటే ఎఫ్‌టీఎస్‌జెడ్ అనే ప్రొటీన్ సరిగ్గా మధ్యలో ఉంగరంలా పేరుకోవాలి (ఈ ఉంగరాన్ని 1991లో ఎర్ఫే బీ, జో లుట్కెన్‌హాస్ చూపించారు). మరి మధ్య ఎక్కడో ఎవరు చెప్తారు? మిన్-సీ, మిన్-డీ, మిన్-ఈ అని మూడు ప్రొటీన్లున్నాయిరా. మిన్-డీ ఏటీపీని (కణానికి శక్తినిచ్చే అణువు) పట్టుకుని కణం ఒక కొనలో పొరకి అంటుకుంటుంది, దాన్ని పట్టుకుని మిన్-సీ కూర్చుంటుంది, అది ఉన్నచోట ఉంగరం కట్టనివ్వదు. ఇంతలో మిన్-ఈ వచ్చి ఆ ఏటీపీ ఖర్చయ్యేలా చేస్తుంది, మిన్-డీ ఊడిపోతుంది. మళ్ళీ ఏటీపీ ఎక్కించుకునే లోపు కణంలో కొట్టుకుపోయి, ఈసారి అవతలి కొనలో అంటుకుంటుంది. అక్కడా అదే కథ. అటూ ఇటూ ఒక చుట్టు తిరగడానికి దాదాపు నిమిషం! రెండు కొనల్లోనూ ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి, సగటున మిన్-సీ అతి తక్కువగా దొరికేది మధ్యలోనే. ఉంగరం అక్కడే కడుతుంది. కొలబద్ద లేదు, గుర్తు పెట్టినవాళ్ళు లేరు, పరుగు ఒక్కటే. ఎంత అందమైన ఏర్పాటో చూడు!

1999లో రాస్కిన్, డి బోయర్ మిన్-డీకి పచ్చగా మెరిసే ప్రొటీన్ తగిలించి, ఆ పరుగుని సూక్ష్మదర్శినిలో కళ్ళారా చూశారు. మిన్ జన్యువులు పాడైతే కొనల దగ్గర కూడా తెగి, డీఎన్ఏ లేని బుల్లి కణాలు పుడతాయి. 2008లో పెట్రా ష్విల్లే బృందం ఇంకో అడుగు వేసింది. కణమే లేకుండా, పరచిన కొవ్వు పొర మీద మిన్-డీ, మిన్-ఈ, ఏటీపీ వేస్తే చాలు, వాటంతట అవే అలలు లేచాయి! నాకు ఒళ్ళు పులకరించింది.

ఉంగరం డీఎన్ఏ మీద పడి దాన్ని కోసెయ్యకుండా కాసేది ఎస్ఎల్ఎం-ఏ అనే ఇంకో ప్రొటీన్. మొక్కల్లా ఎండతో ఆహారం చేసుకునే సయనోబాక్టీరియాలో అయితే కార్బన్‌ని పట్టే రూబిస్కో ఎంజైముకి ప్రొటీన్ గోడల గదులే ఉంటాయి, కార్బాక్సీజోములంటారు. 2022లో ప్రకటించిన థయోమార్గరీటా మాగ్నిఫికా సంగతి ఇంకా వింత. కరీబియన్ దీవి గ్వాడలూప్ మడ అడవుల్లో దొరికిన ఈ బాక్టీరియా సెంటీమీటరు పొడవుంటుంది, కంటికి కనిపిస్తుంది, పైగా డీఎన్ఏని పొర సంచుల్లో దాచుకుంటుంది.

ఆ మిన్ అలల వీడియో యూట్యూబులో వెతికి నీ క్లాసు పిల్లలకి తప్పకుండా చూపించు, వాళ్ళేం అడిగారో నాకు రాయి. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
రఘు