కొండ మీది తార్ అనే అడవి మేక‌కి ట్యాంకరు రాదు: ఒమాన్ పర్యావరణ సంస్థ అధ్యక్షులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి,

సలాం. మాది రాయలసీమలో రాయచోటి వైపు పల్లె. నేను నిజ్వాలో నీళ్ళ ట్యాంకరు నడుపుతాను. ఉత్తరం తెలుగులో రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. అరబీ బాగా వచ్చిన మిత్రుడొకడు తర్జుమా చేసి మీ ఆఫీసుకు పంపుతానన్నాడు. తెలుగులో రాయడానికి కారణం ఉంది. మీ కొండల కింద మజ్రాల్లో (తోటల్లో) గడ్డి కోసేది, ఇజ్బాల్లో (పశువుల దొడ్లలో) మేకలు చూసేది, దాణా బస్తాలు మోసేది చాలావరకు బయటి దేశాల మనుషులే. బంగ్లాదేశీలు, పాకిస్తానీలు, మలయాళీలు, మావాళ్ళు. కోనసీమ నుంచి, కడప నుంచి, నిజామాబాద్, జగిత్యాల నుంచి వచ్చినవాళ్ళు. నేను మీకు చెప్పబోయేది వాళ్ళు కూడా చదవాలని నా కోరిక.

విషయం ఇదీ. మీ కొండల్లో అడవి జంతువు వాన మీద బతుకుతుంది, పెంపుడు జంతువు ట్యాంకరు మీద బతుకుతోంది. మేత మాత్రం రెండింటికీ ఒకటే.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురాన్ని మేం కరువు జిల్లా అంటాం. మీ దేశంలో చాలాచోట్ల 100 మిల్లీమీటర్లు పడితే గొప్ప. అంత తక్కువ వానలోనూ ఇన్ని వేల ఏళ్ళు అడవి మేక, మనిషి మేక పక్కపక్కన బతికాయంటే కరువే దాన్ని సర్దేది. వాన లేని ఏడు మందలు తగ్గేవి, కొన్ని చచ్చేవి, కొన్ని అమ్ముడుపోయేవి, కొండ కాపరులైన షావావీలు మిగిలినవాటిని తోలుకుని ఇంకో వాదికి, అంటే ఇంకో లోయకు, పోయేవారు. ఆ ఖాళీలో కొండ తేరుకునేది. ఇప్పుడు ఆ ఖాళీ లేదు. వాన పడకపోతే నాకు ఫోన్ వస్తుంది. పికప్‌లో జత్తు గడ్డి, బార్లీ బస్తాలు పైకి వెళ్తాయి, వెనకే నా ట్యాంకరు వెళ్తుంది. మంద తగ్గదు, కదలదు. పొద్దున బార్లీ తిని, మిగతా రోజంతా అదే కొండవాలును గీరుతుంది. 2012-13 వ్యవసాయ గణన నాటికే మీ దేశంలో మేకలు 20 లక్షలు దాటాయి, ఒంటెలు 2 లక్షలు దాటాయి.

మీ అధికారులు ఎప్పుడైనా ఇజ్బా దగ్గర ఆగి సమర్ చెట్టును చూడాలి. అదే, మీ ఖరీదైన సమర్ తేనె వచ్చే తుమ్మ చెట్టు. మేక వెనక కాళ్ళ మీద నిలబడి మెడ చాచితే ఎంత ఎత్తు అందుతుందో, అంత ఎత్తులో చెట్టు అడుగు కత్తెర పట్టినట్టు సమంగా ఉంటుంది. దాని పైన ఆకు, కింద ఉత్త మోడు. ఇంకా వంగి నేల చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఎండు కాయలున్నాయి, గింజలున్నాయి, పెంటికలున్నాయి, మొలక ఒక్కటీ లేదు. దూరం నుంచి చూసేవాళ్ళకు వాది నిండా చెట్లే. అన్నీ ముసలి చెట్లు. అవి పోయిననాడు వాటి చోట నిలబడేది ఏమీ లేదు.

చట్టం లేదని నేననడం లేదు. అరబ్ దేశాల్లో పర్యావరణానికి మంత్రిత్వశాఖ పెట్టిన మొదటి దేశం మీది, 1984లో. వన్యప్రాణుల రక్షణ చట్టం 2003లో వచ్చింది. తుపాకీ పట్టినవాణ్ణి జైల్లో వేయగలరు. మేక నోటికి మాత్రం కొండ మీద అడ్డు కనిపించదు.

దీనికి బలవుతున్నది అరేబియా తార్. ఈ భూమ్మీద హజర్ కొండల్లో తప్ప ఇంకెక్కడా లేని జంతువు, అంటే మీ దగ్గర, కొంచెం యు.ఏ.ఇ. వైపు. అన్నీ కలిపినా రెండున్నర వేలకు లోపే అంటారు. దాని శాస్త్రీయ నామంలో ఒక భారతీయుడున్నాడని ఇక్కడి మావాళ్ళకే చాలామందికి తెలియదు. ఆత్మారామ్ సదాశివ్ జయకర్ అనే మరాఠీ డాక్టరు మస్కట్‌లో పనిచేస్తూ ఇక్కడి జంతువుల్ని, చేపల్ని సేకరించి లండన్ మ్యూజియంకు పంపేవాడు. 1894లో ఈ తార్‌కి ఆయన పేరే పెట్టారు. దానికోసం మీరు వాది సరీన్‌లో 1970లలోనే రక్షణ ఏర్పాటు చేశారు. బాగుంది. కానీ వేసవిలో తార్‌కి రెండు మూడు రోజులకోసారైనా నీళ్ళు కావాలి. ఆ నిటారు బండల మీంచి గుంట దగ్గరకు దిగక తప్పదు. దిగితే అక్కడ ముందే మేకల మంద ఉంటుంది, లేకపోతే సెలవు రోజు జనం ఉంటారు. పొగ, పాటలు, బిర్యానీ డేగిసాలు సబ్బు పెట్టి తోమిన నురగ. ఆ జనంలో మావాళ్ళూ ఉంటారు, కాదనను. మనుషుల వాసన తగిలిన తార్ తాగకుండానే వెనక్కి ఎక్కేస్తుంది. దాన్ని ఎవరూ కాల్చలేదు కాబట్టి ఎవరి మీదా కేసు ఉండదు.

నీటి సంగతి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. ఊట నీటిని పల్లానికి పారించే పాతకాలపు ఫలజ్ కాలువలు మూడు వేల పైచిలుకు పారే దేశం, వాటిలో ఐదింటికి 2006లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఫలజ్ తనకు అందినంతే తీసుకుంటుంది. మోటారు బోరుకు ఆ మొహమాటం లేదు. బోరు లోతు పెరిగేకొద్దీ పైన ఊట గుంటలు ఎండుతాయి, చేపలు, కప్పలు, వాటిని నమ్ముకున్న పక్షులు పోతాయి. రాయలసీమలో ఈ సినిమా మేం మొత్తం చూశాం.

దక్షిణాన ధోఫార్ కథ వేరు, కానీ చివరికి అదే. ఖరీఫ్ అనే వానాకాలం మూడు నెలలూ సముద్రం మీంచి వచ్చే మంచు మబ్బు సలాలా కొండల మీద కూర్చుంటుంది. అది వాన కంటే ఎక్కువగా చెట్ల మీంచే నేలకు దిగుతుంది. ఆకులు ఆ తేమను పట్టుకుని బొట్టు బొట్టుగా వదిలితే నేల తాగుతుంది, కింది ఊటలు నిండుతాయి. ఆ పని చేసేది ముఖ్యంగా మా నల్లమలలో ఉండే చిరుమానుకు దగ్గరి చుట్టమైన చెట్టు; అది ధోఫార్, యెమెన్ కొండల్లో తప్ప ఎక్కడా లేదు. మేకకు అందని కొమ్మ ఒంటెకు అందుతుంది. చెట్టు పోయిన వాలు మీద గడ్డి మొలుస్తుంది, పర్యాటకులు ఫోటోలు తీసుకుంటారు, పచ్చగానే ఉందిగా అనుకుంటారు. కానీ గడ్డి పట్టే మబ్బు ఎంత, చెట్టు పట్టే మబ్బు ఎంత? అడవి పలచబడితే మబ్బు వచ్చి, ఊరికే వెళ్ళిపోతుంది. ఒకప్పుడు ఖరీఫ్‌లో బురద జారుడుకు భయపడి ఒంటెల్ని కొండ దింపేవారు, అడవికి ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరికేది. ఇన్ని వేల ఒంటెలకు ఆ వ్యవధి కూడా చాలడం లేదు. సాంబ్రాణి చెట్ల గతీ అంతే, పైన గాట్లు, కింద ఒంటె నోరు.

ఆ కొండల్లోనే అరేబియా చిరుత ఉంది. ప్రపంచం మొత్తంలో రెండు వందలు కూడా లేవు. 1997లో జబల్ సమ్హాన్‌ను దానికోసం రిజర్వు చేశారు. చిరుత తినాల్సింది ఐబెక్స్ లాంటి అడవి మేకల్ని. వాటి మేత మందలు మేసేస్తే చిరుత మందల వైపే చూస్తుంది. పోయిన మేకకు లెక్క ఎవరు కడతారన్న భరోసా లేని కాపరి విషం పెట్టాలనుకుంటే, అతన్ని ఒక్కణ్ణే తప్పుపట్టి లాభం లేదు.

ఇక్కడ మీ దేశ చరిత్రలోంచే ఒక సంగతి ఎత్తుతాను, నొచ్చుకోవద్దు. ఎడారి జింక జాతికి చెందిన చివరి అడవి అరేబియా ఓరిక్స్‌ను 1972లో జిద్దత్ అల్ హరాసిస్ ఎడారి‌లో కాల్చేశారు. మోటారు బళ్ళు వచ్చాక ఎడారిలో దాక్కోవడానికి చోటు లేకపోయింది దానికి. అదృష్టం కొద్దీ అంతకు పదేళ్ళ ముందే కొన్నింటిని పట్టి అమెరికా జూలలో పెంచారు. సుల్తాన్ ఖాబూస్ పట్టుబట్టి వాటి సంతతిని తిరిగి తెప్పించారు, 1982లో పది జంతువుల్ని అదే ఎడారిలోని యాలూనిలో వదిలారు. కాపలా ఎవరికి ఇచ్చారు? అదే ఎడారిలో పుట్టిన హరాసిస్ తెగవాళ్ళకు. జీతం, బండి, గౌరవం ఇచ్చారు. పదిహేనేళ్ళు తిరక్కుండానే వాటి సంఖ్య నాలుగు వందలు దాటింది. ప్రపంచం మొత్తం వచ్చి చూసింది. 1994లో ఆ రక్షిత ప్రాంతం యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

తరవాత ఏం జరిగిందో మీకు తెలుసు. 1996 నుంచి ప్రాణాలతో పట్టుకుని ధనవంతుల తోటలకు అమ్మే వేట మొదలైంది, ఆడవాటికి ధర ఎక్కువ. 450 ఉన్నవి 65కి పడ్డాయి. ఆపైన చమురు అన్వేషణ కోసం రక్షిత ప్రాంతాన్ని తొంభై శాతం తగ్గించారు. 2007లో యునెస్కో దాన్ని జాబితాలోంచి తీసేసింది. అలా తీసేయించుకున్న మొదటి ప్రదేశం అదే. ఇప్పుడు అక్కడి అల్ వుస్తా రక్షిత ప్రాంతంలో కంచె లోపల మళ్ళీ వందల్లో పెరిగాయని విని సంతోషించాం. కానీ కంచెలో పెంచడానికి, కొండల్లో తిరగనివ్వడానికి తేడా ఉంది. తార్‌కి, చిరుతకు కంచె వేయలేరు. వాటికి మిగిలింది 1982 నాటి పద్ధతే, అక్కడి మనుషుల చేతికి అప్పగించడం. మా నల్లమల పులుల అడవిలో చెంచుల్ని కాపలాకు పెట్టుకున్నదీ ఇందుకే. ఏ అడుగు ఎవరిదో చెప్పడానికి వాళ్ళకు కెమెరా అక్కర్లేదు.

మా దేశం నుంచి మీకు చేరిన ఇబ్బందులు కూడా ఉన్నాయి, దాచడం మర్యాద కాదు. కాకి వీసా లేకుండా ఓడెక్కి వచ్చింది, గోరువంక పంజరాల్లో వచ్చి బయటపడింది. మీ పక్షుల గుడ్లు, పిల్లలు తినేస్తున్నాయని 2022లో ధోఫార్‌లో వాటి మీద పెద్ద కార్యక్రమమే పెట్టారు. సర్కారు తుమ్మ మాత్రం మా తప్పు కాదు. దక్షిణ అమెరికా మొక్కను పచ్చదనం కోసం మేమూ నాటుకున్నాం, మీరూ నాటుకున్నారు, ఇద్దరం అనుభవిస్తున్నాం. మీ ఘాఫ్ చెట్టు మా జమ్మి చెట్టే, దసరాకు మేం పూజించేది, తెలంగాణ రాష్ట్ర వృక్షం. దాని పక్కనే సర్కారు తుమ్మ గుబురుగా కమ్ముకోవడం చూస్తే ఒళ్ళు మండుతుంది. దాని కాయలు మేకలు తిని, గింజల్ని పెంటికల్లో కొత్త వాదులకు మోస్తాయి. అంటే తిరిగి తిరిగి మళ్ళీ మంద దగ్గరికే వచ్చాం.

మేకల్ని తీసేయమని నేనడగను. షువా, అంటే గుంటలో కాల్చిన మాంసం, లేకుండా ఈద్ ఎలా చేస్తారు? శుక్రవారం పొద్దున నిజ్వా సంతలో మేకను తాడుతో పట్టుకుని గుండ్రంగా తిప్పే ముసలాయన మొహం చూసినవాడెవడూ ఆ మాట అనలేడు. కొండ మేకకు అక్కడ మంచి ధర కూడా పలుకుతుంది. నేనడిగేది ఎక్కడ మేయాలి, ఎంత మేయాలి అన్న లెక్క. అరేబియాలో ఆ లెక్క కొత్తది కాదు, హిమా అని పెద్దలు వాదుల్ని వంతులవారీగా మూసేవారు. ఆ అధికారం ఊరి షేక్‌లకు మళ్ళీ ఇవ్వండి. మూసిన ఏడాదికి మంద యజమానికి నష్టం కట్టండి. చిరుత ఎత్తుకెళ్ళిన మేకకు డబ్బు నెల తిరక్కుండా చేతికి రావాలి.

ట్యాంకరు వాళ్ళకు ఒక మ్యాపు ఇవ్వండి. తార్ దిగే వాదులు ఏవో, వేసవిలో ఎక్కడ నీళ్ళు దింపకూడదో గుర్తుపెట్టి ఇస్తే చాలు. ఇది జరిమానా పెట్టాల్సినంత పెద్ద పని కూడా కాదు. ఎక్కడికి రమ్మంటే అక్కడికి వెళ్ళే డ్రైవరుకు, ఇక్కడికి వెళ్ళొద్దని రాసిన ప్రభుత్వ కాగితం ఉంటే యజమాని, అంటే అర్బాబ్‌కు చూపించడానికి పనికొస్తుంది. నోటితో చెబితే ఉద్యోగం పోతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇజ్బాలో ఉండే పనివాడు. రాత్రి కొండ మీంచి ఎవరు దిగారో, పికప్‌లో కప్పి ఏం తెచ్చారో ముందు చూసేది అతనే. అతని వీసా, జీతం, తిండి యజమాని చేతిలో ఉంటాయి. మీ హెచ్చరిక బోర్డులు అరబీ, ఇంగ్లీషుల్లో ఉంటాయి, రెండూ అతనికి రావు. నిషేధమని తెలియక అతను చేసే పనులున్నాయి, తెలిసీ భయంతో నోరు విప్పనివి ఇంకా ఉన్నాయి. తెలుగు, మలయాళం, బెంగాలీ, ఉర్దూల్లో నాలుగు ముక్కలు రాయించండి. పేరు అడగని ఒక ఫోన్ నంబరు పెట్టండి. ఫోన్ చేసినవాడి పని పోతే వేరే చోట పని ఇప్పించే బాధ్యత కార్మిక శాఖతో మాట్లాడి మీరు తీసుకోండి. ఈ చివరిది చేయకపోతే ఆ నంబరుకు ఒక్క ఫోనూ రాదు, ముందే చెబుతున్నాను.

బోర్డుల మీద తెలుగు వాక్యాలు రాసిపెట్టడానికి మనిషి కావాలంటే నన్ను పిలవండి. డబ్బులక్కర్లేదు. కాకపోతే శుక్రవారం అయితే వీలవుతుంది, మిగతా రోజులు ట్యాంకరు మీద ఉంటాను.

ఇట్లు,
నిజ్వా నుంచి ఒక ట్యాంకరు డ్రైవరు