లిస్బన్‌కు వచ్చే ముందు ఒక తేదీ

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. చెల్లెమ్మనూ అమ్మగారినీ వెంటబెట్టుకుని ఈ ఏడాదిలోనే లిస్బన్‌కు వస్తానని నువ్వు రాసిన వాక్యాన్ని మళ్లీ మళ్లీ చదువుకున్నాను. అయితే దానికి జతపరిచిన జాబితా చూశాక మాత్రం వెంటనే జవాబు రాయకుండా ఉండలేకపోయాను. కోట, పసుపుపచ్చ ట్రామ్, బెలేం బురుజు, ఎత్తైన ఇనుప లిఫ్టు, ఆపైన తిరుగు ప్రయాణం! జీవితమంతా పునాదులూ స్తంభాలూ లెక్కగట్టిన ఇంజనీరువు, ఇంత దూరం వచ్చి ఈ నాలుగూ చూసి వెళ్లిపోతే నాకు మనసొప్పదు. వాటిని మానుకోమని అనడం లేదు. 1755 నవంబరు 1 అనే తేదీని మనసులో పెట్టుకుని చూస్తే ఈ నగరం వేరుగా కనిపిస్తుందని మాత్రం అంటున్నాను.

ఆ రోజు సకల పునీతుల పండుగ. ఉదయం పూజల కోసం జనమంతా చర్చిల్లో ఉన్నారు, ప్రతి పీఠం మీదా కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. తొమ్మిదిన్నర దాటాక భూమి కంపించింది. కూలుతున్న గోడల నుంచి తప్పించుకున్నవాళ్లు బయలు ప్రదేశమని నమ్మి టాగస్ నది ఒడ్డుకు పరుగెత్తితే, కాసేపటికి సముద్రం నదిలోకి పొంగుకొచ్చి వాళ్లను తీసుకుపోయింది. మిగిలిన నగరాన్ని ఐదారు రోజులపాటు మంటలు కాల్చాయి. చనిపోయినవారు పదివేల పైచిలుకని కొందరూ, అంతకు ఎన్నో రెట్లని మరికొందరూ లెక్కగట్టారు. నది ఒడ్డున ఉన్న రాజభవనం, అందులోని 70,000 గ్రంథాల పుస్తకాలయం, భారతదేశపు వర్తకాన్ని నడిపించిన కాసా ద ఇండియా అనే కార్యాలయం, దాని దస్తావేజులు అన్నీ నాశనమయ్యాయి. మన తీరాలకు వచ్చిన ఓడల లెక్కలు ఎన్ని ఆ మంటల్లో కలిసిపోయాయో అని తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మొదట కార్ము మఠానికి వెళ్లు. 1389లో నూను ఆల్వరెష్ పెరైరా అనే సేనాపతి స్థాపించిన ఈ మఠపు చర్చి పైకప్పు భూకంపంలో కూలిపోయింది. తరువాత తిరిగి కట్టడం మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు కనుక, నడిమి భాగంలో రాతి కమానులు ఏ భారమూ మోయకుండా ఆకాశం కింద నిలబడి ఉంటాయి. లోపలి చిన్న పురావస్తు ప్రదర్శనశాలలో పెరూ దేశపు మమ్మీలు కూడా ఉన్నాయి. వాటికీ ఈ మఠానికీ పొంతన లేకపోయినా చూడవలసిందే. మఠం ముందున్న చౌకులోనే 1974 ఏప్రిల్ 25న తిరుగుబాటు సైనికులు నియంతృత్వ ప్రభుత్వాధినేత మార్సెలో కయెతానోను లొంగదీసుకున్నారు. నీ జాబితాలోని సాంతా జుస్తా లిఫ్టు 1902 నాటిది, 45 మీటర్ల ఎత్తు. దాని కింద క్యూలో నిలబడి పూట పాడు చేసుకోవద్దు. కార్ము మఠం పక్కనుంచి వెనక డాబా మీదుగా నడిస్తే ఆ లిఫ్టు పై వంతెన దగ్గరికే చేరతావు.

అక్కడి నుంచి కిందికి చూస్తే గళ్లు గీసినట్లు కనిపించే పల్లపు పేట పేరు బైషా. నీకోసం నేను దాచిపెట్టుకున్న చోటు ఇదే. భూకంపం నాటికి పోర్చుగల్ రాజ్యపు ప్రధాన ఇంజనీరు మాన్యుయెల్ ద మాయా ఎనభైకి దగ్గరపడిన వృద్ధుడు. పాత పద్ధతిలోనే కట్టడం, వీధులు కాస్త వెడల్పు చేయడం, అంతా చదును చేసి కొత్త పటం గీయడం, అసలు నగరాన్నే పడమటనున్న బెలేం వైపు మార్చేయడం వంటి మార్గాలను ఆయన వరుసగా రాసి, వాటి మంచిచెడులతో సహా ప్రభుత్వానికి సమర్పించాడు. తరువాతి కాలంలో పొంబాల్ మార్క్విస్ అనే బిరుదు పొందిన మంత్రి, చదును చేసి కట్టే మార్గాన్ని ఎంచుకున్నాడు. యూజెనియు దుష్ సాంతుష్, కార్లుష్ మార్దెల్ అనే వాస్తుశిల్పులు ఆ పని నడిపించారు.

గోడల లోపల వాళ్లు కట్టిన దాన్ని పంజరం అనే అర్థంలో గయోలా అంటారు. నిలువు కర్రలు, అడ్డ కర్రలు, వాటి మధ్య గుణకారపు గుర్తు ఆకారంలో ఏటవాలు కర్రలు బిగించి ఒక చట్రం నిలబెట్టి, ఖాళీలను రాళ్లతోనూ ఇటుక ముక్కలతోనూ సున్నంతోనూ పూడ్చి, పైన గిలాబా చేశారు. భూమి ఊగినప్పుడు బయటి రాతి గోడ రాలిపోయినా, లోపలి చట్రం వంగి, అంతస్తులను పట్టుకుని, మనుషులు బయటపడే వ్యవధి ఇస్తుందన్నది వాళ్ల ఆలోచన. నమూనా కట్టి, దాని చుట్టూ సైనికుల చేత కవాతు చేయించి, ఆ అదురుకు నిలుస్తుందో లేదో పరీక్షించారని చెబుతారు. ఇళ్ల మధ్య గోడలను కప్పు కంటే ఎత్తుగా లేపి ఒక ఇంటి నిప్పు మరో ఇంటికి పాకకుండా చూశారు. కిటికీ చట్రాల నుంచి మెట్ల దాకా ఒకే కొలతల్లో ముందుగా తయారుచేయించి తెచ్చి అమర్చారు. నువ్వు మీ ఆఫీసులో కుర్రవాళ్లకు చెప్పే పాఠాలు ఇవే కదా! బయటి నుంచి చూసేవారికి ఈ భవనాలన్నీ ఒకేలా, కొంచెం విసుగ్గా కూడా ఉంటాయి. ఆ విసుగును నేను కాదనను. అయినా అలంకారానికి డబ్బూ సమయమూ లేని వేళ నిలకడకు పెట్టిన ఖర్చు కంటికి ఎలా కనిపిస్తుంది? కొన్ని హోటళ్లూ దుకాణాలూ మరమ్మతుల సమయంలో గిలాబా కొట్టేసి ఆ చట్రాన్ని కనిపించేటట్లు వదిలేశాయి. కాఫీకి కూర్చోబోయే ముందు గోడల వైపు ఒకసారి చూడు.

ఇదే పేటలో కొరియేరోస్ వీధి అని ఒకటి ఉంది. పూర్వం జీనులూ తోలు పట్టీలూ చేసేవారి పేరిట ఏర్పడిన వీధి. అక్కడి ఒక బ్యాంకు భవనం కింద 1990ల నాటి తవ్వకాల్లో బయటపడినవన్నీ ఉన్నచోటనే భద్రపరిచారు. గైడు వెంట కిందికి దిగితే, రోమన్ల కాలంలో చేపలను ఉప్పులో ఊరవేసిన తొట్లు వరుసగా కనిపిస్తాయి. వాటికి దగ్గరలోనే బైషా భవనాల కింద దిగగొట్టిన కర్ర గుంజలు ఉన్నాయి. నది మేట వేసిన మెత్తటి నేల కావడంతో పునాదిని వాటి మీద నిలబెట్టారు. మనం పైల్ ఫౌండేషన్ అని గొప్పగా చెప్పుకునే దాన్ని నీళ్లలో నానుతున్న దుంగల రూపంలో అక్కడ చూడవచ్చు. ప్రవేశం ఉచితమే, కాని ముందుగా పేరు నమోదు చేయించుకోవాలి. మన చుట్టాలెవరైనా లిస్బన్ చూసి వచ్చామని చెబితే, ఆ నేలమాళిగ సంగతి ఒకసారి అడిగి చూడు.

నది ఒడ్డునున్న పెద్ద చౌకులో రాజు జూజే విగ్రహం ఉంది. 1775లో మషాదు ద కాష్త్రు మలచిన కంచు విగ్రహం. గుర్రం పాములను తొక్కుతూ ఉంటుంది, రాజు ఠీవిగా కూర్చుని ఉంటాడు. వాస్తవంలో ఆ రాజు భూకంపం తరువాత రాతి కప్పు కింద నిద్రపోవడానికే భయపడి, అజుడా కొండ మీద కర్రతోనూ గుడ్డతోనూ కట్టించుకున్న ఆవాసంలో 1777లో చనిపోయేదాకా గడిపాడు. రాజ బరాకా అని దానిని పిలిచేవారు. అది కూడా 1794లో కాలిపోయింది. ప్రజలకు ధైర్యంగా నగరం కట్టించిన ప్రభువు తాను మాత్రం డేరాలో పడుకున్నాడన్న మాట ఆ విగ్రహం కింద ఎక్కడా రాసి లేదు మరి.

రోసియు చౌకు పక్కనే ఉన్న సాంతు దొమింగు చర్చిని మాత్రం వదిలిపెట్టవద్దు. బయట ఏ ప్రత్యేకతా కనిపించదు, చాలామంది దాటి వెళ్లిపోతారు. 1531 భూకంపాన్నీ 1755 భూకంపాన్నీ చూసిన ఆ కట్టడం 1959లో అగ్నిప్రమాదానికి గురైంది. 1994లో తిరిగి తెరిచినప్పుడు కప్పు వేశారే తప్ప కాలిన గాయాలను కప్పలేదు. పెచ్చులూడి, పగిలి, ఎర్రబారిన స్తంభాల మధ్య రోజూ పూజలు జరుగుతాయి. అయితే ఆ గోడలకు అంతకంటే పాత నెత్తుటి చరిత్ర ఉంది. బలవంతంగా మతం మార్పించిన యూదులను కొత్త క్రైస్తవులని పిలిచేవారు. 1506 ఏప్రిల్‌లో వారి మీద మొదలైన ఊచకోత ఈ చర్చి నుంచే ఊరంతా పాకింది. చర్చి ఎదుటి చౌకులో దానికి ఒక స్మారకశిల నిలిపారు. అక్కడికి నాలుగడుగుల దూరంలోనే 1840 నుంచి పుల్లటి చెర్రీ పండ్ల మద్యం పోసే చిన్న కొట్టు ఉంది. నువ్వు తాగకపోయినా, గ్లాసులో పండు వేయమంటారా వద్దంటారా అని అడిగే ఆ వరసను నిలబడి చూడవచ్చు.

ఇంతకూ కూలిన నగరం ఎలా ఉండేదని నువ్వు అడగకుండా ఉండవు. దానికి జవాబు తూర్పు దిక్కున, యాత్రికులు తక్కువగా వెళ్లే చోట ఉంది. 1509లో రాణి లియోనోర్ స్థాపించిన మాద్రె ద దెయుష్ మఠంలో ఇప్పుడు పింగాణీ పలకల జాతీయ ప్రదర్శనశాల నడుస్తోంది. అందులో సుమారు 1700 నాటి ఒక నీలిరంగు పలకల చిత్రం ఉంది, పొడవు ఇంచుమించు 23 మీటర్లు. నది మీద నుంచి చూస్తే లిస్బన్ తీరం అంతా ఎలా కనిపించేదో రాజభవనం, చర్చిలు, మేడలు, పడవలతో సహా దానిలో గీశారు. ఒక చివరి నుంచి మరో చివరకు నడుస్తూ, ఇది ఉంది, ఇది లేదు అని గుర్తుపట్టుకుంటూ పోవాలి. లేనివే ఎక్కువ. కార్ము చర్చిని మాత్రం పైకప్పుతో సహా అక్కడ వెతుకు. వీలైతే మొదటి రోజే ఈ చిత్రం చూసి, ఆ తరువాత ఊళ్లోకి రమ్మని నా సలహా.

కోట గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. 1147లో పోర్చుగల్ మొదటి రాజు అఫోన్సు ఎన్రికెష్ ముట్టడించి గెలిచిన చోటు అదే అయినా, నువ్వు చూసే గోడల్లో చాలా భాగం 1938 నుంచి 1940 వరకు జరిగిన పునర్నిర్మాణంలో లేచినవి. అక్కడి నుంచి కనిపించే దృశ్యం గొప్పదే, కాని అలాంటి దృశ్యాన్నిచ్చే కొండ అంచులు ఊళ్లో చాలా ఉన్నాయి. కోట కంటే దాని కిందనున్న ఆల్ఫామా పేట మేలు. ఒకరికొకరు తగిలేంత ఇరుకైన, మూర్ల (ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చి ఏలిన ముస్లింల) కాలపు సందులు భూకంపాన్ని చాలావరకు తట్టుకుని నిలిచాయి. సాంతా లూజియా చర్చి బయటి గోడ మీద, భూకంపానికి ముందున్న నది ఒడ్డు చౌకును పలకల మీద చిత్రించారు. దారిలోనే కనుక ఆగి చూడండి. అమ్మగారి మోకాళ్ల సంగతి నాకు గుర్తుంది. ఆ మెట్ల మీద ఆవిడను నడిపించవద్దు. 28వ నంబరు ట్రామ్‌లో పొద్దున్నే ఎక్కితే కూర్చోవడానికి చోటు దొరుకుతుంది, పొద్దెక్కాక జనం ఎక్కువ, జేబుదొంగలు కూడా ఎక్కువ. వాన పడితే సున్నపురాయి పరిచిన కాలిబాటలు పాచి పట్టిన చెరువు మెట్లలా జారతాయి కాబట్టి పట్టున్న బూట్లు తెచ్చుకోండి.

ఇంకొక కట్టడం చెప్పకపోతే నువ్వు నన్ను క్షమించవు. అల్కాంతరా లోయ మీద ఆగ్వష్ లివ్రెష్ అనే నీటి కాలువ 35 కమానుల మీద సాగుతుంది. అన్నిటికంటే ఎత్తైన కమాను 65 మీటర్లు. రాజు ఐదవ జువావు ఆజ్ఞతో 1731లో మొదలై, 1748 నుంచి ఊరికి నీళ్లిచ్చింది. అంటే ఆ మహాకంపం నాటికి దాని వయసు ఏడేళ్లు. చుట్టూ అంతా నేలకూలినా ఈ కమానులు నిలబడ్డాయి. ఎందుకు నిలబడ్డాయో నువ్వు వచ్చి చూసి నాకు వివరించాలి. నీళ్లు చేరే రాతి తొట్టి అమోరైరష్‌లో ఉంది; లోపల చల్లగా ఉంటుంది, అమ్మగారికి పక్క తోటలో బెంచీలున్నాయి.

బెలేం గురించి నువ్వు చదివే ఉంటావు కనుక రెండే మాటలు. ఆఫ్రికా, తూర్పు దేశాల వర్తకం మీద వసూలు చేసిన 5 శాతం పన్నుతో లేచిన జెరోనిమోస్ మఠంలో, వాకిలి దాటగానే వాస్కో ద గామా సమాధి ఉంటుంది. కొచ్చిలో 1524లో చనిపోయి మొదట అక్కడే సమాధి అయిన మనిషి. ఎంత అందమైన రాతి పని చూసినా, 1502లో మలబారు తీరాన యాత్రికుల ఓడను మనుషులతో సహా తగలబెట్టించాడన్న సంగతి నా మనసులో నుంచి పోలేదు. నేను ఎక్కువసేపు నిలబడింది బెలేం బురుజు బయట. పడమటి వైపు ఒక చిన్న గోపురం అడుగున అరిగిపోయిన ఖడ్గమృగం తల చెక్కి ఉంది. గుజరాత్ సుల్తాను ముజఫర్ షా ఇచ్చిన జంతువు ఓడెక్కి 1515 మేలో లిస్బన్‌లో దిగింది. రాజు మాన్యుయెల్ దానికీ ఏనుగుకూ పోరు పెడితే ఏనుగే పారిపోయిందట. జర్మనీ చిత్రకారుడు డ్యూరర్ కంటితో చూడకుండానే, ఎవరో పంపిన చిత్తుబొమ్మను చూసి దాని బొమ్మ చెక్కి లోకమంతటికీ పరిచయం చేశాడు. పోపుకు కానుకగా పంపినప్పుడు ఇటలీ తీరం దగ్గర ఓడ మునిగి అది చనిపోయింది.

తిండికి ఇబ్బంది పడనక్కరలేదు. ఇక్కడి చిన్న కాఫీ కొట్లలో కూడా చముసా పేరుతో మన సమోసా దొరుకుతుంది; ఎక్కువగా మాంసమే కూరతారు కనుక చెల్లెమ్మను అడిగి తీసుకోమను. మార్తిం మునీష్ చౌకు చుట్టుపక్కల పప్పులు, మసాలాలు, పచ్చిమిరపకాయలు అమ్మే దుకాణాలు బోలెడున్నాయి. పైగా వంటకు మా ఇల్లు ఉండనే ఉంది.

ఇక ప్రయాణపు తేదీల సంగతి. బైషాలోనే ప్రాతా వీధి కింద రోమన్ల కాలపు సొరంగ మండపాలు ఉన్నాయి. భూకంపం తరువాత మళ్లీ కట్టే పనిలో 1771లో బయటపడ్డాయి. తరువాత లేచిన భవనాల కింద ఇప్పటికీ అలాగే ఉన్నాయి. సంవత్సరమంతా వాటిలో నీళ్లు నిలిచి ఉంటాయి కనుక, ఏప్రిల్‌లోనూ సెప్టెంబరులోనూ నీళ్లు తోడించి కొద్ది రోజులే జనాన్ని లోపలికి పంపుతారు. టికెట్లు అమ్మకానికి పెట్టగానే అయిపోతాయి. ఎండలు ముదరని ఏప్రిల్ అయితే అమ్మగారికీ సుఖంగా ఉంటుంది. మీ ఆఫీసులో సెలవు ఏ నెలకు దొరుకుతుందో వెంటనే రాయి. తేదీలు ప్రకటించిన రోజే నీకూ నాకూ కలిపి టికెట్లు తీసుకుంటాను. చెల్లెమ్మకూ అమ్మగారికీ ఆ మెట్లు దిగడం ఇష్టమో కాదో కూడా అడిగి రాయి.

ఇట్లు,
నీ మిత్రుడు