కంటి పుండును లోతు చేసేది క్రిమి ఒక్కటే కాదు

సంపాదకులకు,

నల్లగుడ్డు మీద పుండు పడిందంటే క్రిములు కంటిని తినేస్తున్నాయనే చాలామంది అనుకుంటారు. అది సగం నిజం. మందుకు క్రిమి చచ్చిన తర్వాత కూడా కొన్ని పుండ్లు లోతెక్కుతూనే ఉంటాయి. కీళ్లవాతం ఉన్నవాళ్లలో, కంట్లో సున్నం పడినవాళ్లలో అసలు క్రిమే లేకుండా కార్నియా, అంటే నల్లగుడ్డు మీది అద్దంలాంటి పొర, కరిగి చిల్లు పడుతుంది. ఆ పని చేసేవి మన ఒంట్లోనే తయారయ్యే ఎంజైములనే ప్రోటీన్లు. ఇది తెలియకనే చుక్కల మందుల దగ్గర కళ్లు పోగొట్టుకునే పొరపాట్లు జరుగుతున్నాయి.

కార్నియా మధ్యలో మందం సుమారు అర మిల్లీమీటరు. అందులో పదింట తొమ్మిది వంతులు కొలాజెన్ అనే ప్రోటీన్ పోగులు అల్లుకున్న పొరే. మూడు గొలుసులు తాడులా పేనుకుంటే ఒక కొలాజెన్ అణువు. ఆ పురి మామూలు ఎంజైములకు లొంగదు. కొలాజినేజ్ అనే ఎంజైము మాత్రం దాన్ని ఒకే ఒక్క చోట, ముప్పావు పాలు, పావు పాలుగా తెగ్గొడుతుంది. తెగిన ముక్కల పురి ఒంటి వేడికే విడిపోతుంది. ఆ తర్వాత జిలాటినేజ్‌లనే వేరే ఎంజైములు వాటిని నుగ్గు చేస్తాయి. 1962లో జెరోమ్ గ్రాస్, చార్లెస్ లాపియేర్ అనే శాస్త్రవేత్తలు ఈ కొలాజినేజ్‌ను మొదట గుర్తించింది తోకకప్ప తోకలో. కప్ప ఎదిగేటప్పుడు తోకను కరిగించే జాతి ఎంజైమే ఇక్కడ కంటిని కరిగిస్తుందన్నమాట.

ఈ ఎంజైములను పుండు అంచునున్న పైపొర కణాలు, కార్నియా లోపలి కణాలు కొంత విడుదల చేస్తాయి. ఎక్కువగా తెచ్చిపోసేవి క్రిమితో పోరాడటానికి వచ్చిన తెల్ల రక్తకణాలే. సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియా తన సొంత ఎంజైములు కక్కడమే కాక, నిద్రాణంగా ఉన్న మన ఎంజైములను కూడా లేపుతుంది. అందుకే ఆ పుండు రెండు మూడు రోజుల్లోనే గుడ్డును తొలిచేయగలదు. వీటికి పగ్గం వేసే ప్రోటీన్లూ ఉన్నాయి, రక్తంలోని ఆల్ఫా-2 మాక్రోగ్లోబ్యులిన్ అలాంటిదే. కానీ కార్నియాకు రక్తనాళాలు లేవు, నడిమధ్యకు ఆ పగ్గం సరిగా అందదు. పుండులోకి ఎర్రటి నాళాలు పాకుతుంటే రోగులు హడలిపోతారు. మచ్చ మిగులుతుంది, నిజమే. కానీ నాళం చేరిన చోట కరగడం చాలావరకు ఆగుతుంది.

చికిత్సలో కొన్ని మందులు ఎందుకిస్తారో ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. ఈ ఎంజైముల పని అంతా వాటిలోని జింక్ పరమాణువు మీద నడుస్తుంది. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఆ జింక్‌ను పట్టేస్తుంది. క్రిమి చచ్చాక కూడా ఆ మాత్ర రాశారంటే కారణం అదే. గర్భిణులకు, ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు సాధారణంగా ఇవ్వరు. కొత్త కొలాజెన్ పేనుకోవడానికి విటమిన్ సి కావాలి, ముఖ్యంగా సున్నం, క్షారాలు పడిన కంటికి. రోగి రక్తం నుంచే తీసిన సీరం చుక్కలు ఆ కరువైన పగ్గాన్ని నేరుగా పుండు మీదికి చేరుస్తాయి. పలచబడిన చోట జిగురు పూసేది చిల్లు మూయడానికొక్కటే కాదు, తెల్లకణాలు అక్కడికి చేరకుండా కూడా.

ఇక పొరపాట్లు. ఎర్రబడిన కంటికి దుకాణంలో అడిగి స్టెరాయిడ్ చుక్కలు వేసుకోవడం వాటిలో అన్నిటికన్నా చెడ్డది. ఎరుపు, నొప్పి ఒక్కరోజులో తగ్గుతాయి, దాంతో గురి కుదురుతుంది. లోపల క్రిమికి, ముఖ్యంగా బూజుకు, అడ్డుండదు. కొత్త కొలాజెన్ తయారీ మందగిస్తుంది, పైపొర మూసుకోదు. స్టెరాయిడ్‌కు కూడా చోటుంది, కానీ క్రిమి ఏదో తేలాక, డాక్టరు రోజూ చూస్తున్నప్పుడు. సీసా మీద డెక్సామెథసోన్, బెటామెథసోన్, ప్రెడ్నిసొలోన్, లోటెప్రెడ్నాల్, ఫ్లోరోమెథలోన్ అన్న పేర్లలో ఏది ఉన్నా అది స్టెరాయిడే. యాంటీబయాటిక్‌తో కలిపి ఉన్నా అంతే. నొప్పికని మత్తు చుక్కలు ఇంట్లో వేసుకుంటే పైపొర కణాలు కదలడం మానేస్తాయి, పుండు తెరుచుకునే ఉంటుంది. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి చుక్కలతోనూ, కన్ను పొడిబారినవాళ్లలో, కీళ్లవాతం ఉన్నవాళ్లలో కార్నియా కరిగిన సందర్భాలున్నాయి.

ఒక గుర్తు అందరూ తెలుసుకోవాలి. తెల్లటి పుండు నడుమ గుండ్రంగా, నల్లగా, అద్దంలా తేటపడిన చోటు కనిపిస్తే మానుతోందని సంతోషిస్తారు. చాలాసార్లు అది మానడం కాదు. తెల్లబారిన కొలాజెన్ అంతా కరిగిపోయి, మిల్లీమీటరులో నూరో వంతు మందమున్న, కార్నియా లోపలి వైపుండే డెసెమెట్ పొర ఒక్కటే బుడగలా ఉబ్బి మిగిలింది. పచ్చరంగు మందు వేసి చూస్తే చుట్టూ గోడ రంగు పడుతుంది, ఆ నడిమి చోటు పట్టదు. దగ్గినా, ముక్కినా, కన్ను నులిమినా అది పగలొచ్చు.

వెచ్చటి నీరు ఒక్కసారిగా కారి, చూపు ఉన్నట్టుండి మసకబారితే పగిలిందనే లెక్క. నొప్పి తగ్గినా మోసపోవద్దు. కట్టు బిగించకుండా, ఆయింట్‌మెంటు పెట్టకుండా, కంటికి తగలని గట్టి ప్లాస్టిక్ కవచం పెట్టుకుని ఆ గంటలోనే ఆసుపత్రికి బయల్దేరాలి.

ఇట్లు,
కార్నియా వైద్యులు